కాగితానికి రెండో వైపు

ల్యాబ్, మూడో అంతస్తు
వసారా చివరి బల్ల

అక్కా,

ఈ ఉత్తరం బావ పైకి చదువుతుంటే నువ్వు కళ్ళు మూసుకుని వింటుంటావు గనక, బావా, మీకూ నమస్కారం. గొంతు సవరించుకోండి, కాస్త పెద్దదే.

నీ ఎడమ చేతి చర్మం ముక్క క్షేమంగా చేరింది. ఐసు పెట్టెను రైల్లో ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను. పక్కసీటాయన "చేపలా బాబూ?" అన్నాడు. "కాదండీ, మా అక్క" అన్నాను. తర్వాతి స్టేషన్లో ఆయన వేరే పెట్టెలోకి మారిపోయాడు. మిగతా దారంతా కాళ్ళు చాపుకుని వచ్చాను.

దానితో ఏం చేస్తారని అడిగావు. బతికున్న మనిషి కంట్లోంచి రెటీనా ముక్క కోసి పరీక్ష చేయలేం. కంటి వెనక ఉండే ఆ తెర పోతే చూపే పోతుంది. అందుకని దొడ్డిదారిన వెళ్తాం. చర్మం కణాలకు కొన్ని మందులు పెట్టి, తాము చర్మమన్న సంగతే మరిచిపోయేలా చేస్తాం. అప్పుడవి ఏమైనా కాగల పసికణాలవుతాయి. మూల కణాలంటాం. వాటిని నెలల తరబడి మేపి, బుజ్జగించి, రెటీనా కణాలుగా పెంచుతాం. ఆ పైన గిన్నెలో వాటి మీదికి వైరస్‌ను వదిలి ఏమవుతుందో చూస్తాం. నీ ఎడమ కన్ను పోయినప్పుడు లోపల ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. ఈసారి నేను దగ్గరుండి చూస్తాను.

చిన్నప్పుడు మన ఇద్దరికీ ఒకేసారి చికెన్‌పాక్స్ వచ్చింది, గుర్తుందా? అదే వైరస్. ఒంట్లో నరాల దగ్గర ఎక్కడో ముడుచుకుని పడుకుని, ఇన్నేళ్ళకు నీ కంట్లో లేచింది. నాలో ఇంకా పడుకునే ఉంది. నీకే ఎందుకు లేచిందన్నది నా ప్రశ్న. అది రెండో కంటి జోలికి రాకుండా ఎలా ఆపాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఒక షరతు ఉంది. ఎవరి గిన్నెలో ఏమైందో చర్మం ఇచ్చినవాళ్ళకు విడిగా చెప్పకూడదు. పెట్టె మీద పేరుండదు, నంబరే ఉంటుంది. నీ నంబరు నాకు తెలియకూడదు. కానీ పెట్టె మోసుకొచ్చింది నేనే కదా. ఈ ముక్క బావ గట్టిగా చదవనక్కర్లేదు.

తమ్ముడు


ఇల్లు, వెనక గది

ఒరేయ్ సైంటిస్టూ,

ఆ ముక్కే మీ బావ అన్నిటికన్నా గట్టిగా చదివారు.

ఫోన్లో ఎలా ఉన్నావని అడుగుతుంటావు కదా, చెబుతున్నా. ఎక్కువ చదవొద్దు, మెరిసే తెరలు ఎక్కువ చూడొద్దు, ఎక్కువ బరువులెత్తొద్దు అంది డాక్టరమ్మ. మీ బావ అందులోంచి 'ఎక్కువ' అన్న మాట కొట్టేసి మిగతాదంతా అమలు చేస్తున్నారు. కిటికీకి రెండు పొరల తెర కట్టారు. నా ఫోను బీరువాలో ఉంది. మోగితే ఆయనే తీసి, స్పీకరు పెట్టి, పక్కన నిలబడతారు. అందుకే నీతో ఫోన్లో ఆ, ఊ అని పెట్టేస్తుంటాను. నువ్వు రాసింది ఆయన చదువుతారు గాని, నేను రాసుకునే ఈ కాసేపూ ఒంటరిగా ఉంటాను.

నా కోసం పంపింగ్ స్టేషన్లో రాత్రి డ్యూటీ మానుకున్నారు. జీతం తగ్గినా సరేనన్నారు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ "కంటికి రెప్పలా చూసుకుంటున్నాడమ్మా" అంటారు. నిజమే, కాదనను. కానీ రెప్ప ఎప్పుడూ మూసే ఉంటే కంటికి ఏం కనిపిస్తుందిరా?

ఇన్నేళ్ళు కారు నడపడం నేర్పాను. నేర్పేవాళ్ళ కారులో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఎంతమంది పక్కన కూర్చుని దాని మీద కాలు పెట్టుకుని బతికానో. ఇప్పుడు నా పక్క సీట్లో మీ బావ కూర్చున్నారు. నేను గేరు మార్చకముందే తొక్కేస్తున్నారు. ఒళ్ళు మండుతుంది. ఏమన్నా అంటే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆ నీళ్ళు చూడలేక నోరు మూసుకుంటాను.

సన్న పెన్నుతో రాస్తే నాకు కనిపించడం లేదు. ఈ లావు నల్ల పెన్ను మరక వెనక్కి దిగుతోంది. అందుకని ఇకనుంచి కాగితానికి ఒక వైపే రాస్తాను. కవరు మీద అడ్రసు మీ బావ రాస్తారు. అంటించేముందు ఉత్తరం మీద ఒకసారి చూపు తిప్పుతారు. ఏమిటది అంటే "తప్పులు దిద్దుతున్నా" అంటారు. ఏవండీ, ఇక్కడ తప్పుంటే దిద్దండి.

గిన్నెలో ఉన్న నన్ను బాగా చూసుకో. వేళకు తిండి పెట్టు. కిటికీ ఉన్న గదిలో పెట్టు.

అక్క


ల్యాబ్, వసారా

అక్కా, బావా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకుని ఉంటారు. తిట్టండి. రోజు విడిచి రోజు గిన్నెల్లో పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. ఆదివారమని, జ్వరమని వాటికి తెలియదు. పొద్దు తప్పితే అలిగి చచ్చిపోతాయి. ఊరు దాటి నెలలయింది. పసిపిల్లలున్న ఇల్లాలైనా నాకంటే ఎక్కువ తిరుగుతుంది.

అయితే ఒక మంచి సంగతి. ఆ మధ్య ఒక గిన్నెలో, మూలగా, నల్లటి చుక్క కనిపించింది. బూజు పట్టిందేమోనని గుండె జారిపోయింది. బూజంటే నెలల పాటు పడ్డ పాటు అంతా చెత్తబుట్టలోకే. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే బూజు కాదు, రంగు! రెటీనా వెనకాల ఒక నల్లని పొర ఉంటుంది. ఆ కణాలు పుడుతున్నాయన్నమాట. బండరాళ్ళు పరిచిన వీధిలా ఒకదాన్నొకటి ఆనుకుని, ఎక్కడా సందు లేకుండా పరుచుకున్నాయి. నంబరు చూశాను. ఎవరిదో చెప్పకూడదు. ఆ రోజు నాతో పనిచేసే పొడుగమ్మాయికి అడక్కుండానే టీ ఇప్పించాను. "మీకేమైంది ఇవాళ?" అంది.

ఇక వైరస్ పోసే పని. దానికి వేరే గది ఉంది. రెండు తలుపులు, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. ఒంటి నిండా ముసుగు. వసారా వైపు ఒక పెద్ద అద్దం తప్ప బయటి వెలుతురు రాదు. మా పెద్దావిడను మేం చాటుగా తాళంకప్ప అంటాం. ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. గాజు, ప్లాస్టిక్కు అయితే స్పిరిట్‌తో తుడిచి బయటికి తేవచ్చు. కాగితాన్ని తుడవలేం. అందుకని లోపలికి వెళ్ళిన కాగితం ఇక బయటికి రాదు. లోపలే ఉంటుంది, లేదా క్రిములను చంపే ఆవిరి డబ్బాలో ముద్దయిపోతుంది. మేం రాసుకున్న లెక్కలు కూడా అద్దానికి ఆనించి పెడితే, బయటున్నవాళ్ళు చూసి రాసుకోవాలి.

వచ్చే వారం నేనే పోయాలి. అన్ని నంబర్లకూ ఒకేలా పోయాలి. ఎవరిదైనా ఒక్క చుక్క తగ్గకూడదు. తగ్గదులే.

తమ్ముడు


ఇల్లు, వెనక గది

ఒరేయ్,

మీ తాళంకప్పకూ మీ బావకూ చుట్టరికం ఏమైనా ఉందేమో కనుక్కో.

నేను మొన్న ఒక నేరం చేశాను. మీ బావ డ్యూటీలో ఉండగా షెడ్డులోకి వెళ్ళి కారులో కూర్చున్నాను. ఇంజను వేయలేదు. సీటు ముందుకు జరిపి, అద్దాలు సర్ది, బెల్టు పెట్టుకుని, "కుడి వైపు చూశావా? భుజం మీంచి చూశావా?" అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎడమ అద్దం కోసం మెడ మొత్తం తిప్పాల్సి వచ్చింది. అయినా ఎంత హాయిగా ఉందో! దిగాక సీటు మళ్ళీ వెనక్కి జరపడం మరిచిపోయాను. అలా దొరికిపోయాను. మర్నాటికి తాళాలు ఉండే చోటు మారింది. ఏవండీ, దిద్దడానికేమైనా ఉందా?

నా కణాలు ఎలా ఉన్నాయి? పోశావా? ఏమయ్యాయి? చెప్పకూడదని తెలుసు, అయినా అడుగుతున్నా. నా చర్మం, నా కన్ను. దాని సంగతి నాకు తప్ప అందరికీ తెలియొచ్చంటే అదెక్కడి న్యాయం?

సరిగ్గా తిను. ఫోటోలో మెడ ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావని మీ బావ చెప్పారు.

అక్క

[అదే కాగితం వెనక వైపు, పెన్సిల్‌తో]

మరక అటు దిగకుండా ఇటు పెన్సిల్ పట్టాను. మీ బావ అటువైపు చూసేసి స్నానానికి వెళ్ళారు. ఇంక చూడరు.

కుడి కంట్లో మూడు నాలుగు రోజులుగా నల్ల నలుసులు తిరుగుతున్నాయి. రెప్ప కొట్టినా పోవు. కన్ను లోపల సన్నగా లాగుతోంది. ఎడమది ఇలాగే మొదలైందా అంటే చెప్పలేను, అప్పుడు పట్టించుకోలేదు. వయసొస్తే నలుసులు అందరికీ వస్తాయంటారు కదా?

డాక్టరమ్మకు చెబితే మళ్ళీ ఆ మంచం, కంట్లో సూది. మీ బావకు చెబితే ఈ గది తలుపు కూడా మూసేస్తారు. డాక్టరమ్మ మాత్రలు ఆపి నెలే అయింది. ఈ ఒక్క నెలే నాకు కాస్త ఊపిరాడింది. ఏమీ కాని దానికి దీన్ని పోగొట్టుకోలేనురా.

నువ్వు రోజూ దాన్ని చూస్తున్నావు. భయపడాల్సిందే అయితే నీ ఉత్తరంలో ఎక్కడో ఒకచోట నాన్న గొడుగు మాట రాయి. నాన్న కోపంగా వస్తున్నప్పుడు మెట్ల మీద గొడుగు చప్పుడు విని "గొడుగు వచ్చింది" అని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుని మంచం కింద దూరేవాళ్ళం, గుర్తుందా? ఆ మాట వినిపించిందంటే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్తాను. వినిపించకపోతే నలుసులే అనుకుని ఊరుకుంటాను. మీ బావ చదివినా ఆయనకు అర్థం కాదు.


ల్యాబ్, వసారా, అద్దానికి ఇవతల

అక్కా,

నీ ఉత్తరం జైల్లో పడింది. నిజంగానే.

ముసుగు తొడుక్కునే ముందు వచ్చింది. నిలబడే చదివేసి, నవ్వుకుంటూ చొక్కా జేబులో పెట్టుకున్నాను. దాని మీదే ముసుగు వేసుకుని లోపలికి వెళ్ళిపోయాను. లోపల గిన్నెల్లో కణాలు కడిగాక కాసేపు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. నీ షెడ్డు నేరం మళ్ళీ చదవాలనిపించి, బుద్ధి గడ్డి తిని, ముసుగు కింద నుంచి కాగితం బయటికి లాగాను. తలెత్తి చూస్తే అద్దానికి అవతల తాళంకప్ప. ఆవిడ కోప్పడలేదు. గుమ్మం వైపు చూపించిందంతే.

శిక్ష ఏమిటంటే, పదిహేను రోజులు నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. నీ ఉత్తరానికి బయటికి రావడం లేదు. నా పని పొడుగమ్మాయి మీద పడింది. అయినా ఆ పిల్ల మనసు మంచిది. ముద్ద చేయకుండా నీ కాగితాన్ని లోపలి నుంచి అద్దానికి అంటించింది, నీ నల్ల అక్షరాలు నా వైపు ఉండేలా. పొద్దున రాగానే అద్దం ముందు నిలబడి ఒకసారి చదువుకుంటున్నాను. వచ్చేపోయేవాళ్ళకు మన కారు కథంతా తెలిసిపోయింది. "మీ అక్కగారికి తాళాలు దొరికాయా?" అని లిఫ్టు దగ్గర ఒకాయన అడిగాడు.

నువ్వు అడిగిన దానికి జవాబు చెప్పే వీలు లేదు. చెప్పకపోతే అదే జవాబు అనుకోకు. కణాల గొడవ మాకు వదిలెయ్. అన్ని నంబర్లూ కలిపి చూస్తేనే ఏదైనా తేలుతుంది, విడిగా ఒక గిన్నెను పట్టుకుని ఏమీ అనలేం. అంతా నడవాల్సిన తీరునే నడుస్తోంది.

ఇక్కడ వానలు. నిన్న బస్టాపు నుంచి నిలువునా తడుచుకుంటూ వచ్చాను. బూట్లలో నీళ్ళు పోస్తే కాఫీ గ్లాసు నిండేది. ఇంతకు మించి విశేషాలు లేవు. నువ్వు హాయిగా ఉండు.

బావా, కారు తాళాలు ఇచ్చేయండి. ఇంజను వేయదు లెండి.

తమ్ముడు


ఇల్లు, వెనక గది

నా తండ్రీ,

నీ ఉత్తరం మీ బావ చేత రెండుసార్లు చదివించుకున్నాను. "ఏముందని ఇందులో?" అన్నారాయన. ఏముందో నాకు తెలుసు. నిలువునా తడిశానని రాశావు, నాన్న గొడుగు మాత్రం రాయలేదు. ఎంత తెలివైనవాడివిరా! ప్రాణం కుదుటపడింది. ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను.

మీ బావ కూడా కాస్త మెత్తబడ్డారు. నాకు తోచక ఇల్లు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. తెర పక్కకు లాగి కిటికీ అద్దాలు తుడుస్తున్నాను. ఒకటే మసక. ఎంత తుడిచినా పోవడం లేదు. "బాగానే ఉన్నాయిగా" అంటారు మీ బావ. మగవాళ్ళకు మురికి ఎప్పుడు కనిపించింది గనక! ఆయన పై నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి తుడిచారు. నా తృప్తి కోసం.

నా ఉత్తరం గోడకు వేలాడుతోందంటే నవ్వొచ్చింది. ఉండనీ. ఇంట్లో నేను, అక్కడ అది.

కణాలకు తిండి పెట్టు.

అక్క


కంటి ఆసుపత్రి, వార్డు బయట బల్ల

అక్కా,

లోపలికి ఒక్కరినే పోనిస్తారట. బావ నీ దగ్గర ఉన్నారు, నేను బయట. ఎదురుగా ఉంటే ఈ మాటలు నా నోట రావు. నర్సు చేత లోపలికి పంపుతున్నాను. నీ కళ్ళకు కట్టు ఉంది గనక బావే చదువుతారు. బావా, ఏదీ వదలకుండా చదవండి. గట్టిగానే.

నీ ఉత్తరం వసారాలో తెరిచాను. 'నాన్న గొడుగు మాత్రం రాయలేదు' అన్న దగ్గర ఆగిపోయాను. ఏ గొడుగు? దాని గురించి నేనెందుకు రాయాలి? మళ్ళీ చదివాను. కిటికీ అద్దాల మసక చదివాను. అప్పుడు అద్దానికి అంటించి ఉన్న కాగితం వైపు చూశాను. ఒక వైపే రాస్తానన్నావు కదా, నేను దాన్ని తిప్పనే లేదు. ఇన్నాళ్ళూ దాని ముందు నిలబడి నవ్వుకుంటున్నాను.

అద్దం మీద దబదబా బాదాను. లోపల పొడుగమ్మాయి ఉలిక్కిపడింది. కాగితం తిప్పమని చేతులతో చూపించాను. తిప్పి అద్దానికి ఆనించి పట్టుకుంది. పెన్సిల్ అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ముక్కు అద్దానికి ఆనించి చదివాను. తర్వాత ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది, వెనకాల ఏదో రాసి ఉందని తనకు తెలుసట. "మీ ఇంటి ఉత్తరం, మీరు చదివేసే ఉంటారనుకున్నా. నేను చదవడం మర్యాద కాదని కళ్ళు తిప్పుకున్నా" అంది. ఆమెననడానికేముంది?

ఫోను చేస్తే బావ ఎత్తి "అక్క పడుకుందయ్యా, తర్వాత మాట్లాడు" అన్నారు. నేను కేకలు పెట్టాను. క్షమించండి బావా. మిమ్మల్ని ఎప్పుడూ అలా అనలేదు.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. చెబితే ఆ పనిలో నన్ను ఉండనివ్వరు. అయినా చెబుతాను. నీ గిన్నెలు అందరివాటికంటే ముందు పోయాయి. మిగతావాళ్ళ కణాలు ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే, నీవి పరిచిన రాళ్ళను ఎవరో గునపంతో పెకలించినట్టు ఒక్కసారిగా లేచిపోయాయి. నేను పోసిన దానితోనే. ఆ వారం నాకు అన్నం సహించలేదు. అందుకే నువ్వు అడిగితే వాన గురించి, బూట్ల గురించి రాశాను. నీ మంచికే దాస్తున్నాననుకున్నాను. బావ నీ ఫోను బీరువాలో పెట్టినప్పుడు ఆయనా ఇలాగే అనుకుని ఉంటారు. నువ్వూ బావకు తెలియకూడదని వెనక వైపు రాశావు. ముగ్గురం కలిసి నిన్ను ఆ గదిలో పెట్టి తాళం వేశాం.

ఇంకో సంగతి కూడా ఉంది. నీ కణాలున్న కొన్ని గిన్నెల్లో వైరస్ పోసిన రోజే మందు కూడా పోశాం. అవి నిలబడ్డాయి. అన్నీ కాదు. అంచుల్లో రాలిపోయి, నడుమ నిలబడ్డాయి. ఆలస్యంగా పోసిన వాటిలో మిగిలింది తక్కువ. నీ కంట్లో ఎన్ని రోజులు ఆలస్యమైందో నేను లెక్క వేసుకోలేను. డాక్టరమ్మను అడిగే ధైర్యం కూడా లేదు.

నీ గిన్నె సంగతి నీకు చెప్పకూడదన్న రూలు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒక్క గిన్నెను చూసి ఒక మనిషి బతుకు గురించి చెప్పలేమనే పెట్టారు. కానీ నేను చెప్పి ఉంటే, మొదటి నలుసు కనిపించిన రోజే నువ్వు పరిగెత్తి ఉండేదానివి. ఇది నా ప్రాణం పోయేదాకా నన్ను వదలదు.

కోపం వస్తే రానీ. బావ చేత నాలుగు తిట్టించు. బయటే ఉన్నాను.

తమ్ముడు


ఇల్లు, ముందు గది

తమ్ముడూ,

వంకర చూసి నవ్వకు. కాగితం మీద పెట్టుకోవడానికి మీ బావ ఒక అట్టకు గీతలుగా సందులు కోసి ఇచ్చారు. ఆ సందులో రాస్తున్నాను. అట్ట లేకపోతే బల్ల మీదికి కూడా రాసేస్తున్నాను. నడుమ ఉన్నది బాగానే కనిపిస్తోంది. అంచులే లేవు. కాగితం ఎక్కడ అయిపోతుందో వేలితో తడుముకుంటే గాని తెలియడం లేదు. మనుషుల ముఖాలు కనిపిస్తాయి, చెవులు కనిపించవు. డాక్టరమ్మ అదృష్టవంతురాలివంది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే నడుమ కూడా మిగిలేది కాదట. నువ్వు చెప్పిన గిన్నెల్లోలాగే అయింది చూశావా? నీ గిన్నెలు అబద్ధం చెప్పలేదు.

కారు ఇంక లేదు. పక్క నుంచి వచ్చేది కనిపించనివాళ్ళు నడపకూడదని ఇన్నేళ్ళు నేనే అందరికీ చెప్పాను. ఆ ముక్క నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మొన్న అమ్మేశారు. కొన్నాయన తీసుకెళ్తుంటే గేటు దగ్గర నిలబడ్డాను. చప్పుడు వీధి చివరిదాకా విన్నాను. గేరు మార్చడం రాదు ఆయనకు.

మీ బావ ఇప్పుడు నీ ఉత్తరాలు చదవడం లేదు. నేనే అట్ట సందులోంచి ఒక్కొక్క వరుస చూసి చదువుకుంటున్నాను. సగం రోజు పడుతుంది. ఆసుపత్రిలో నువ్వు రాసింది ఆయన ఏదీ వదలకుండా చదివారు. ఇంటికొచ్చాక కిటికీ తెరలు విప్పేసి మడిచి బీరువాలో పెట్టారు, ఫోను తీసి నా దిండు పక్కన పెట్టారు.

తాళంకప్ప నిన్ను నా నంబరు దగ్గరకు రానివ్వడం లేదని రాశావు. నువ్వే వెళ్ళి అంతా చెప్పేశావని కూడా రాశావు. మంచి పని చేశావు. ఆవిడను తిట్టకు. నువ్వు చేసిన పనికి ఇంకొకరైతే ఇంటికి పంపేవారు. మిగతావాళ్ళ గిన్నెలు చూసుకో, వాళ్ళకూ అక్కలు ఉంటారు. నా ముక్కలు అయిపోతే చెప్పు, ఇంకో చెయ్యి ఉంది. ఐసు పెట్టె మాత్రం వేరేవాళ్ళ చేత మోయించు.

నా పాత ఉత్తరం ఇంకా ఆ అద్దానికే ఉందా? ఈసారి గది కడిగినప్పుడు ఆవిరి డబ్బాలో వేయమని పొడుగమ్మాయికి చెప్పు. ఆ పిల్లను బాధపడొద్దని కూడా చెప్పు.

ఇప్పుడు కాగితం తిప్పు.

అక్క

[వెనక వైపు, నల్ల పెన్నుతో]

తిప్పావా?

ఇటు కూడా పెన్నుతోనే రాస్తున్నా. మరక అటు దిగితే దిగనీ, అక్షరాలు కలిసిపోతే కలిసిపోనీ. ఇంక పెన్సిల్ పట్టుకోను.

'కాగితం తిప్పు' అన్న మాట తప్ప అటువైపు రాసిందంతా మొన్నటిది. ఇవాళ పొద్దున లేచేసరికి నడుమ చూపులో ఒక నలుసు. గోడ వైపు చూస్తే గోడ మీద, మీ బావ వైపు చూస్తే ఆయన ముక్కు మీద ఉంది. కాసేపు పడుకునే ఉన్నాను. చెప్పకుండా ఇంకొక్క రోజు ఇలాగే కిటికీ తీసుకుని కూర్చుందామనిపించింది, నీ దగ్గర దాచడమెందుకు. తర్వాత మీ బావను పిలిచాను. ఈసారి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చెప్పులు వెతుక్కుంటూ ఆటో పిలిచారు.

డాక్టరమ్మ దగ్గర నుంచి వచ్చాకే ఇది రాస్తున్నా. మళ్ళీ లేచిందట. రేపటి నుంచి మళ్ళీ సూదులు, ఆ మంచం. నీకు ఇందాక ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు, గిన్నెల దగ్గర ఉండి ఉంటావు. పొద్దున మళ్ళీ చేస్తాను. అయినా ఈ మాట నా చేత్తో రాయాలనిపించింది. అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి కదా.

గొడుగు వచ్చిందిరా. నీకు చెప్పాను, మీ బావకు చెప్పాను. మంచం కింద దూరడానికి ఇక చోటు లేదు.

తొందరగా రా.